ఊరుకోమని చెప్పకండి

ఆన్‌లైన్‌లో ఎవరైనా మనవాళ్ల మీద పడి తిట్టినప్పుడు మనం సలహాలు ప్రేమతోనే చెబుతాం. అక్క చెల్లెలికి చెబుతుంది, తండ్రి కూతురికి చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన టీ తాగుతూ చెబుతాడు. బెంగళూరులో తెలుగువాళ్లకు గ్రూపులకేం కొదవ? అపార్టుమెంటుదొకటి, సొంతూరువాళ్లదొకటి, కాలేజీ బ్యాచ్‌దొకటి, హీరో అభిమానులదొకటి, పార్టీదొకటి. అన్నిట్లోనూ ఎవరో ఒకరు నోరు పారేసుకుంటారు, ఇంకెవరో నలిగిపోతారు, నలిగినవాళ్లకు మిగతావాళ్లు సలహా ఇస్తారు. ఆ సలహాలు వినగా వినగా నాకు అర్థమైందేమిటంటే, అవన్నీ తిట్లు తిన్న మనిషికే పని చెబుతాయి. నువ్వు ఊరుకో, నువ్వు తీసెయ్, నువ్వు బయటికొచ్చెయ్, నువ్వు జాగ్రత్తగా ఉండు. తిట్టినవాడికి గానీ, చూస్తూ కూర్చున్న రెండు వందల మందికి గానీ ఒక్క పనీ చెప్పవు.

అలాంటివి కొన్ని ఇక్కడ వరసపెడుతున్నాను. ఇవి ఎవరికీ ఇవ్వకూడని సలహాలు. ఎందుకు ఇవ్వకూడదో, వాటి బదులు ఏం చెప్పాలో, ఏం చేయాలో కూడా రాస్తాను.

"పట్టించుకోకు, రెండు రోజుల్లో వాళ్లే మర్చిపోతారు"

అందరికన్నా ముందు నోటికొచ్చేది ఇదే. ఎవరో ఒక పిచ్చి మాట అని పోతే ఇది పనిచేయవచ్చు. పదిమంది కూడబలుక్కుని ఒకరి మీద పడినప్పుడు మాత్రం మౌనం వాళ్లకు అనుమతిపత్రంలా అందుతుంది.

2021 జూలైలో 'సుల్లీ డీల్స్' పేరుతో ఒక యాప్ వచ్చింది. ముస్లిం మహిళల ఫొటోలను వాళ్లకు తెలియకుండా తీసుకుని, వాళ్లను వేలం వేస్తున్నట్టు చూపించింది. బాధితులు ఫిర్యాదు చేశారు, కేసు నమోదైంది, నెలలు గడిచాయి, ఒక్కరినీ అరెస్టు చేయలేదు. 2022 జనవరి 1న సరిగ్గా అదే పద్ధతిలో 'బుల్లీ బాయి' వచ్చింది. మొదటిసారి ఏమీ కాలేదన్న ధీమా లేకపోతే రెండోసారి ఇంత త్వరగా వచ్చేదా? ఈసారి ముంబై పోలీసులు రోజుల్లోనే కదిలారు. వాళ్లు మొదట అరెస్టు చేసినవాడు బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు. ఆ అరెస్టులు మొదలయ్యాకే పాత సుల్లీ డీల్స్ కేసులోనూ అరెస్టు జరిగింది.

ఆ కుర్రాడి వయసు చూసి "పాపం చిన్నపిల్లాడు, భవిష్యత్తు పాడవుతుంది" అనేవాళ్లూ ఉంటారు. మరి ఆ జాబితాలో తన ఫొటో చూసుకుని కొత్త సంవత్సరం మొదలుపెట్టిన స్త్రీల భవిష్యత్తు గురించి కూడా అంతే బెంగ పడాలి కదా.

"మాటలే కదా, మాటలకేమవుతుంది" అనేది దీనికి తోబుట్టువు. 2024 అక్టోబరులో బెంగళూరులో ఒక ఉద్యోగి ఒక మహిళ బట్టలు నచ్చలేదని, ఆమె ముఖం మీద యాసిడ్ పోస్తానని సందేశం పంపాడు. ఆమె భర్త ఆ స్క్రీన్‌షాట్‌ను ముఖ్యమంత్రి, ఉపముఖ్యమంత్రి, రాష్ట్ర డీజీపీ కంటపడేలా ఎక్స్‌లో పెట్టారు. పంపినవాణ్ని అతని కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ ఇంట్లో ఎవరైనా ఆవిడతో "మాటలే కదా" అని ఉంటే ఆమె ఎంత ఒంటరిదైపోయేదో ఆలోచించండి. బెదిరింపు నిజమో ఉత్తదో తేల్చుకునే భారం, దాన్ని చదివి వణికిపోతున్న మనిషి మీద వేయకూడదు.

"అసలు నువ్వెందుకు ఫొటో పెట్టావు?"

ఇది ప్రశ్నలా వినిపిస్తుంది గానీ తీర్పే. ఫొటో పెట్టకపోతే, అభిప్రాయం చెప్పకపోతే, ఆ గ్రూపులో లేకపోతే ఏమీ కాదన్నది దీని వెనకున్న నమ్మకం. బెంగళూరే ఈ నమ్మకం తప్పని రుజువు చేసింది. 2025 మేలో నమ్మ మెట్రోలో ప్రయాణించే మహిళలను చాటుగా వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న ఒక ఖాతా బయటపడింది. వాటి కింద చూసేవాళ్ల వ్యాఖ్యలు. బనశంకరి పోలీసులు కేసు పెట్టి, ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్న 27 ఏళ్ల యువకుణ్ని అరెస్టు చేశారు. ఆ మహిళలు ఏం పోస్ట్ పెట్టారు? పొద్దున్నే లేచి పనికి వెళ్లడానికి రైలెక్కారు, అంతే.

మళ్లీ రెండు నెలలకే చర్చ్ స్ట్రీట్‌లో నడిచి వెళుతున్న ఒక యువతికీ ఇదే అనుభవం. ఆమె వీడియో ఆమెకు తెలియకుండా ఒక ఖాతాలోకి ఎక్కింది. అది వేలమంది చూశారు, ఆమె ఖాతా వెతికి పట్టుకుని అసభ్య సందేశాలు పంపడం మొదలుపెట్టారు. ఆమె ఆ వీడియో మీద ఇన్‌స్టాగ్రామ్‌కు ఫిర్యాదు చేస్తే, నిబంధనల ఉల్లంఘన కనబడలేదని జవాబొచ్చింది. అప్పుడామె జరిగిందంతా బహిరంగంగా రాసింది. పోలీసులు తమంతట తామే కేసు నమోదు చేసి, వీడియోలు తీసిన వ్యక్తిని అరెస్టు చేశారు.

"రిపోర్ట్ కొట్టి వదిలెయ్" అనే సలహాకు కూడా ఈ ఉదంతమే సమాధానం. రిపోర్ట్ చేయాల్సిందే, చేసి వదిలేయకూడదు. ఆ వేదిక ఒకసారి 'తప్పు లేదు' అన్నంత మాత్రాన తప్పు లేకుండా పోదు. మన దేశంలో 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి పెద్ద వేదికకూ ఇక్కడే ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. నగ్నంగా లేదా లైంగికంగా చూపే దృశ్యాలు, మార్ఫింగ్ చేసిన ఫొటోలు, మన పేరుతో నడిపే నకిలీ ఖాతాల మీద బాధితులు గానీ వాళ్ల తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోగా తొలగించే చర్య తీసుకోవాలని 2021లో ఆ నిబంధనలు చెప్పాయి. 'వాళ్ల తరఫున ఇంకొకరు' అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ స్నేహితురాలు ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూస్తూ దరఖాస్తు నింపనక్కర్లేదు, మీరు నింపవచ్చు.

"అన్నీ డిలీట్ చేసి అకౌంట్ మూసెయ్"

భయంలో చేతులు ముందు ఈ పనికే పోతాయి. సందేశాలు చూడలేక చెరిపేస్తాం, వాణ్ని బ్లాక్ చేస్తాం, గ్రూపులోంచి వచ్చేస్తాం. మనసు కాస్త తేలికపడుతుంది. మూడో రోజున వాడే ఇంకో పేరుతో వస్తాడు, అప్పుడు స్టేషన్‌కు వెళితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

బ్లాక్ చేయడం తప్పని నేననను. వరస మార్చండి. ముందు దాచండి, తరువాత బ్లాక్ చేయండి. స్క్రీన్‌షాట్‌లో పంపినవాడి ఖాతా పేరు, తేదీ, సమయం మూడూ కనబడాలి. ఖాతా పేరు వాడు ఎప్పుడైనా మార్చుకోగలడు కాబట్టి ప్రొఫైల్ లింకు, ఆ పోస్టు లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోండి. సంభాషణ పొడుగ్గా ఉంటే మొదటి నుంచి కిందికి జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ముక్కలు ముక్కలుగా ఉంటే, మధ్యలో మీరేమన్నారో దాచారని వాదిస్తారు. మీరు కోపంలో ఒక మాట తూలి ఉన్నా దాన్ని చెరపకండి. గ్రూపులో సందేశాలు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఉంటే ఆ గంటలోనే పని పూర్తి చేయండి. ఫొటోల మీద గీతలు గీయడం, కత్తిరించడం వద్దు, అసలు ఫైలు అలాగే ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టు తీసుకోవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దానికి ఆ ఫోను, అందులోని అసలు ఫైలు ఆధారం. అందుకని కేసు నడుస్తుండగా ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయడం లాంటివి చేయకండి.

ఈ పనంతా తిట్లు తిన్న మనిషే చేయాలా? అక్కర్లేదు. గ్రూపులో ఉన్న ఎవరి ఫోనులోనైనా ఆ సందేశాలు ఉంటాయి. ఆ మాటలు మళ్లీ చదవడం ఆమెకు నరకం, మీకు కాదు. "నేను అన్నీ తీసి పెట్టాను, నీకెప్పుడు కావాలంటే అప్పుడు పంపుతాను" అని ఒక్క మెసేజ్ పెడితే ఆమె ఆ రాత్రి ఫోను పక్కన పెట్టి పడుకోగలదు.

ఏకాంత ఫొటోలు బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తుంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, 2021 డిసెంబరులో మొదలైంది. ఫొటోను ఎక్కడికీ పంపనక్కర్లేకుండా మన ఫోనులోనే దాని డిజిటల్ ముద్ర తయారవుతుంది. దాంట్లో చేరిన వేదికల్లో ఎవరైనా ఆ ఫొటో ఎక్కించబోతే ఆ ముద్ర ద్వారా గుర్తుపట్టి ఆపే వీలుంటుంది. ఇది పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు.

"వాడి సంగతి మనం చూసుకుందాం"

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఇది వీరత్వంలా కనబడుతుంది. మన సినిమాలు కూడా దీన్నే నేర్పాయి. బెంగళూరు 2024 జూన్‌లో దీని ఫలితం చూసింది.

చిత్రదుర్గలో మందుల దుకాణంలో పనిచేసే రేణుకాస్వామి అనే యువకుడు, కన్నడ హీరో దర్శన్‌కు సన్నిహితురాలైన పవిత్ర గౌడకు ఇన్‌స్టాగ్రామ్‌లో అసభ్య సందేశాలు పంపాడని పోలీసులు చెబుతున్నారు. అది తప్పే, నేరమే. ఆమె ఫిర్యాదు చేసి ఉంటే చట్టం వర్తించేది. పోలీసుల అభియోగం ప్రకారం జరిగింది వేరు. అతణ్ని చిత్రదుర్గ నుంచి బెంగళూరుకు తీసుకొచ్చి, రాజరాజేశ్వరి నగర్‌లోని పట్టణగెరెలో ఒక షెడ్డులో కొట్టి చంపారు. జూన్ 9న సుమనహళ్లి దగ్గర కాలువలో శవం దొరికింది. దర్శన్, పవిత్ర గౌడ సహా 17 మంది నిందితులయ్యారు. 2024 డిసెంబరులో హైకోర్టు దర్శన్‌కు ఇచ్చిన బెయిలును 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఎవరు దోషులో న్యాయస్థానం చెబుతుంది. అయితే చనిపోయినవాడి భార్య అప్పటికి గర్భవతి. అసభ్య సందేశం పంపినవాడికి చట్టం వేసే శిక్ష ఏదైనా సరే, అది మరణం కాదు.

ఈ కథ అక్కడితో ఆగలేదు. బెయిలు మీద సుప్రీంకోర్టులో విచారణ నడుస్తుండగా 2025 జూలైలో నటి రమ్య ఆ వార్తను పంచుకుని, రేణుకాస్వామి కుటుంబానికి న్యాయం జరగాలన్నట్టు రాశారు. కల్యాణ్‌రామ్‌తో 'అభిమన్యు'లో నటించిన రమ్యే, మండ్య మాజీ ఎంపీ దివ్య స్పందన. దర్శన్ అభిమానులమని చెప్పుకున్నవాళ్లు ఆమె మీద విరుచుకుపడ్డారు. అత్యాచారం చేస్తామని రాశారు, చంపుతామని రాశారు. ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమయ్యాయని చెబుతున్న అసభ్య సందేశాలనే, ఆ కేసు గురించి మాట్లాడినందుకు ఇంకొకామెకు వందల కొద్దీ పంపారు.

ఆమె ముందు కూడా ఇవే సలహాలు ఉన్నాయి. ఊరుకోవచ్చు, పోస్టు తీసేయవచ్చు, తన అభిమానులను వాళ్ల మీదికి పంపవచ్చు. ఆమె స్క్రీన్‌షాట్లు తీసుకుని జూలై 28న బెంగళూరు పోలీసు కమిషనర్ దగ్గరికి వెళ్లి 43 ఖాతాల మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టి, ఒక్కొక్కరి ఆచూకీ తీసి కొందరిని అరెస్టు చేశారు. పరిశ్రమ నుంచి శివరాజ్‌కుమార్ లాంటి పెద్ద హీరో బహిరంగంగా ఆమె పక్షాన మాట్లాడారు. "ఆమె పేరున్న మనిషి కాబట్టి కదిలారు" అంటారేమో. కొంత నిజం. కానీ ఆమె చూపిన పద్ధతి పేరులేనివాళ్లకూ అందుబాటులో ఉన్నదే: ఖాతాల జాబితా, ఆధారాలు, రాతలో ఫిర్యాదు, పక్కన నిలబడే మనిషి.

"మనూరు కాదు, మన భాష కాదు, పోలీసుల జోలికెందుకు"

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల నోట ఇది తరచూ వింటాను. నిజానికి దేశంలోనే తొలి సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్ 2001లో పెట్టింది ఈ ఊళ్లోనే. ఇప్పుడు నగరంలో డివిజన్ల వారీగా సైబర్ నేరాలు చూసే స్టేషన్లు ఉన్నాయి. తిట్టినవాడు గుంటూరులోనో డాలస్‌లోనో ఉన్నా ఫిర్యాదు మీరున్న చోటే ఇవ్వవచ్చు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలన్నది 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనే ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. 1930 నంబరు ప్రధానంగా డబ్బు పోయిన మోసాలకు, దానికి ఫోన్ చేసి సమాధానం రాలేదని నిరాశపడకండి. ప్రాణభయం ఉంటే 112.

దీనికి ఎదురుగా ఇంకో తప్పుడు సలహా ఉంది: "ప్రతిదానికీ పోలీసు కేసు పెట్టెయ్." మర్యాద లేని మాటలన్నీ నేరాలు కావు. చిరాకు పుట్టించే సందేశాలను కూడా నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘల్ కేసులో కొట్టేసింది. కొట్టేయడమే మంచిదైంది, దాన్ని అడ్డం పెట్టుకుని విమర్శించినవాళ్లను జైల్లో పెట్టేవారు. చంపుతామన్న బెదిరింపు, వద్దన్నా వెంటపడటం, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాట, అశ్లీల ఫొటో, ఇవన్నీ నేరాలు. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే నలుగురి ముందు కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఎగతాళి, వెటకారం, ఒక మనిషి నోరెత్తినప్పుడల్లా పదిమంది నవ్వే బొమ్మలు పెట్టడం, ఇవి చట్టానికి అందవు. మనుషులను గ్రూపుల్లోంచి వెళ్లగొడుతున్నది మాత్రం ఎక్కువగా ఇవే. వాటిని ఆపగలిగింది ఆ గ్రూపులో ఉన్నవాళ్లే.

"అడ్మిన్ ఎవరి పక్షమూ తీసుకోకూడదు"

అడ్మిన్‌లకు ఈ సలహా ఇచ్చేది కూడా మంచివాళ్లే. గ్రూపు చీలిపోకూడదని వాళ్ల తాపత్రయం. దాంతో అడ్మిన్ "ఇద్దరూ సంయమనం పాటించండి" అని ఒక మెసేజ్ పెట్టి చేతులు కడుక్కుంటాడు. తిట్టినవాడినీ తిట్లు తిన్న ఆమెనూ ఒకే వాక్యంలో కూర్చోబెట్టాక న్యాయం ఎవరికి జరిగినట్టు? ఆమె ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్లిపోతుంది. వాడు ఉంటాడు. కొన్నాళ్లకు ఆ గ్రూపులో మాట్లాడేది వాడు, వాడిలాంటివాళ్లు మాత్రమే.

చాలామంది అడ్మిన్‌లు ఊరుకునేది కేసు తమ మెడకు చుట్టుకుంటుందన్న భయంతో. సభ్యుడు పెట్టిన సందేశానికి, అడ్మిన్ అయినంత మాత్రాన అతనిపై నేరం మోపలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కాబట్టి భయపడి దాక్కోనక్కర్లేదు. అధికారం మాత్రం చేతిలో ఉంది. 2022 నుంచి వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి సందేశాన్నైనా అందరి ఫోన్లలోంచీ తీసేయగలడు. ఆధారంగా ఒక స్క్రీన్‌షాట్ ఉంచుకుని, ఆ సందేశం తీసేయండి. ఎందుకు తీసేశారో గ్రూపులోనే పేరు పెట్టి చెప్పండి: "ఫలానా వారి సందేశం మన నియమాలకు విరుద్ధం, తొలగించాను." తరువాత బాధపడినవారికి ఫోన్ చేయండి, సర్దుకుపొమ్మని చెప్పడానికి కాదు, ఏం కావాలో అడగడానికి. మళ్లీ జరిగితే అతణ్ని తీసేయండి. అతను అసోసియేషన్ అధ్యక్షుడైనా, చందాలు ఎక్కువిచ్చే పెద్దాయనైనా సరే. నియమాలు గొడవ వచ్చాక రాస్తే ఒకరి మీద కక్షలా ఉంటుంది, గ్రూపు వివరణలో ముందే రాసి పెట్టండి.

"సరదాకన్నాడు, నవ్వి వదిలెయ్"

2024 జూలైలో తెలుగు యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు, కొందరితో కలిసి ఒక లైవ్ చాట్‌లో కూర్చుని, ఒక తండ్రీ చిన్నారి కూతురూ ఉన్న వీడియో మీద లైంగికమైన జోకులు వేశాడు. ఆ చాట్‌లో ఉన్నవాళ్లు నవ్వారు. నటుడు సాయి ధరమ్ తేజ్ నవ్వలేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాధినేతలను ఉద్దేశించి, పిల్లలను కాపాడమని ఎక్స్‌లో రాశారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోక్సోతో సహా కేసు పెట్టి, జూలై 10న అతణ్ని బెంగళూరులో అరెస్టు చేసి హైదరాబాదు తీసుకెళ్లింది. చాట్‌లో పాల్గొన్న మరికొందరిపైనా కేసు నమోదైంది. ఆ నవ్వులు లేకపోతే రెండో జోకు వచ్చేది కాదు. ఇలాంటి చోట్ల నవ్వేవాళ్లే తిట్టేవాడికి జీతం ఇచ్చేది.

మీ గ్రూపులో ఇలాంటిది మొదలైతే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "ఈ మాట బాగోలేదు, తీసెయ్యండి" అని అందరికీ కనబడేలా ఒక్క వాక్యం. మొదటి వాక్యం రాయడమే కష్టం, దాని కింద రెండోది, మూడోది వాటంతటవే వస్తాయి. తిట్టేవాడితో వాదనకు దిగకండి, అదే వాడికి కావలసింది. తిట్లు తిన్నవారి అసలు ప్రశ్నకు జవాబివ్వండి. ఉదాహరణకు నీటి ట్యాంకరు ఖర్చు గురించి ఆమె అడిగిన ప్రశ్న ఒకటుంటుంది, ఈ గొడవలో అందరూ మర్చిపోయింది. దాన్ని మళ్లీ పైకి తీసుకురండి.

విడిగా ఆమెకు ఒక మెసేజ్ పెట్టండి. "నేను చూశాను. తప్పు నీది కాదు. ఆధారాలు నా దగ్గరున్నాయి. స్టేషన్‌కు వెళదామంటే తోడొస్తాను." ఆమె నిద్రపోవడం లేదనో, తిండి మానేసిందనో, బతకాలని లేదన్న మాటలు వస్తున్నాయనో అనిపిస్తే ధైర్యం చెప్పి ఊరుకోకండి. 14416కు ఫోన్ చేయించండి. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్, మన బెంగళూరు నిమ్హాన్స్ దాని ప్రధాన కేంద్రం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదటిసారి ఆమె చేతులు ఆడకపోతే నంబరు మీరే నొక్కి, ఫోను ఆమెకివ్వండి.